బోరు కొట్టించిన స్ప్లెండర్: మొదటి వెయ్యి కిలోమీటర్ల డైరీ

మా నాన్నగారి 2004 మోడల్ స్ప్లెండర్‌కి బోరు కొట్టించి, అంటే పిస్టన్ ఆడే అరిగిన గొట్టాన్ని లోపల కాస్త పెద్దది చేయించి, కొత్త పిస్టన్, దాని చుట్టూ ఉండే రింగులు వేయించాం. ఇంజిన్ బిగించడం ఒక ఎత్తయితే, బిగించాక దాన్ని నడిపే తీరు ఇంకో ఎత్తు. ఈ రెండోదాని గురించి మన దగ్గర ఎవరినడిగినా "నలభై దాటించకు" అనే చెబుతారు. ఆ మాటలో నిజం ఉంది గానీ అది సగం నిజమే. కొత్త రింగులు బోరుకి కుదురుకోవాలంటే వాటి మీద ఒత్తిడి పడాలి. ఆ ఒత్తిడి ఎప్పుడు, ఎంతసేపు, ఇంజిన్ ఎంత వేడెక్కాక పడాలన్నదే అసలు సంగతి. పని మొదలైనప్పటి నుంచి రాసుకున్న నోట్సు ఇక్కడ వరసగా పెడుతున్నాను.

ఇంజిన్ విప్పక ముందు

పొద్దున్నే స్టార్ట్ చేస్తే సైలెన్సర్‌లోంచి నీలం పొగ వచ్చేది. కాసేపటికి తగ్గేది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గట్టిగా యాక్సిలరేటర్ ఇస్తే మళ్లీ వచ్చేది. ఆయిల్ మార్చి నెల తిరక్కుండానే లెవెల్ డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) కింది గీత దగ్గరికి దిగిపోయేది. కిక్ రాడ్డును చేత్తో మెల్లగా నొక్కితే కంప్రెషన్ దగ్గర గట్టిగా ఆగాలి. మా బండిది ఆగకుండా జారుకుంటూ కిందికి వెళ్లిపోయేది. చల్లటి స్టార్టింగ్‌లో మాత్రమే పొగ వస్తే వాల్వుల పక్కనుంచి ఆయిల్ దిగకుండా ఆపే వాల్వ్ సీళ్లను అనుమానించవచ్చు. లోడు మీద కూడా పొగ వస్తూ, కిక్ కూడా జారిపోతుంటే బోరు, రింగులు అరిగిపోయాయనే లెక్క.

మేం వెళ్లే మెకానిక్ బాబాయ్ షెడ్డు రాజమండ్రిలో ఉంది. హీరో హోండా సీడీ 100 బైకు వచ్చిన రోజుల నుంచీ ఈ ఇంజిన్లే విప్పుతున్న మనిషి. 1985లో వచ్చిన సీడీ 100కీ, 1994లో వచ్చిన స్ప్లెండర్‌కీ ఇంజిన్ కొలత ఒకటే: బోరు (గొట్టం వ్యాసం) 50 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 49.5 మి.మీ., మొత్తం 97.2 సీసీ. అందుకే ఈ పిస్టన్లు, రింగులు చిన్న టౌన్లలో కూడా దొరుకుతాయి.

హెడ్డు, బోరు దించి చూస్తే లోపలి గోడ నున్నగా మెరుస్తోంది. పైనుంచి కిందికి సన్నటి నిలువు గీతలున్నాయి. రింగు తిరిగే చోటు పైన, అరగని అంచు ఒకటి గోరుకి తగులుతోంది. ఇక వట్టి రింగులు మార్చి సరిపెట్టుకునే దశ దాటిపోయింది.

లేత్ షాపు దగ్గర

ఈ బండికి బయట దొరికే ఓవర్‌సైజు పిస్టన్లు, అంటే అసలు కొలతకన్నా పెద్దవి, 0.25, 0.50, 0.75, 1.00 మి.మీ. మెట్లలో ఉంటాయి. గీతల లోతు చూసి 0.50 తీసుకున్నాం. ముందు పిస్టన్ కొని, దాన్ని లేత్ అతని చేతిలో పెట్టి, ఆ పిస్టన్‌కే కొలిచి బోరు కొట్టమనాలి. డబ్బా మీద నంబరు చూసి కొట్టేస్తే కుదరదు. పిస్టన్‌కీ బోరుకీ మధ్య ఉండాల్సిన సందు మిల్లీమీటరులో నూరో వంతుల లెక్కలో ఉంటుంది.

ఆ సందు ఎందుకంత ముఖ్యమో చిన్న లెక్క వేస్తే తెలుస్తుంది. పిస్టన్ అల్యూమినియంది, బోరు లోపలి స్లీవ్ పోత ఇనుముది. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు సాగుతుంది. 50 మి.మీ. పిస్టన్ వంద డిగ్రీలు వేడెక్కితే సుమారు 0.1 మి.మీ. పెరుగుతుంది, స్లీవ్ అందులో సగమే పెరుగుతుంది. పైగా బయట గాలి తగిలే బోరుకన్నా మంటకి ఎదురుగా ఉండే పిస్టన్ ఎక్కువ వేడెక్కుతుంది. అంటే వేడెక్కేకొద్దీ సందు బిగుసుకుంటూ పోతుంది. కొత్త ఇంజిన్ జామ్ అవడానికి మూలం ఇక్కడే ఉంది, "నలభై దాటించకు" అన్న సలహా పుట్టింది కూడా ఈ భయంలోంచే.

బోరు కొట్టాక హోనింగ్ చేయించాలి. కొన్నిచోట్ల అడిగితే గానీ చేయరు, అడిగి తీరాలి. హోనింగ్ రాళ్లు తిరుగుతూ పైకీ కిందికీ కదిలితే గోడ మీద ఒకదాన్నొకటి కోసుకునే ఏటవాలు గీతలు పడతాయి. వెలుతురుకి ఎదురుగా పట్టి చూస్తే ఆ అల్లిక స్పష్టంగా కనిపించాలి. ఆ గీతల లోయల్లో ఆయిల్ నిలుస్తుంది, వాటి కొనలు కొత్త రింగు అంచును సన్నగా అరగదీస్తాయి. రింగు కూడా ఆ కొనల్ని అరగదీస్తుంది. రెండూ ఒకదానికొకటి ఒరుసుకుని గాలి దూరని అతుకు ఏర్పడే ఆ కొద్ది సమయాన్నే మనం రన్నింగ్ పీరియడ్ అంటున్నాం. గీతల కొనలు అరిగిపోయాక ఇక ఆ పని జరగదు. అందుకే మొదటి కొన్ని గంటలు అంత విలువైనవి.

కడగడం

బిగింపు పనుల్లో నేను ఎక్కువసేపు నిలబడి చూసింది, చేసింది ఇదే. హోనింగ్ అయ్యాక బోరు గీతల్లో రాతి పొడి, ఇనుప పొడి ఇరుక్కుని ఉంటాయి. చాలా షెడ్లలో పెట్రోలుతోనో కిరోసిన్‌తోనో ఒకసారి తుడిచి బిగించేస్తారు. పెట్రోలు నూనెను కరిగిస్తుంది గానీ పొడిని పైకి లేపదు. ఆ పొడి అలాగే ఉండిపోతే కొత్త రింగుల్ని త్వరగా తినేస్తుంది, ఆయిల్‌తో పాటు కింద బేరింగుల దాకా వెళ్తుంది.

బాబాయ్ ఒక బకెట్ వేడినీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, గట్టి బ్రష్షు తెచ్చి పెట్టాడు. "ఇంత డబ్బు పోసి బోరు కొట్టించి, సబ్బు దగ్గర పిసినారితనం ఎందుకు బాబూ, నువ్వే తోము" అన్నాడు. బ్రష్షు బోరులో పైకీ కిందికీ ఆడిస్తుంటే నురగ బూడిద రంగులోకి మారింది. నీళ్లు మార్చి మళ్లీ తోమాను. తెల్ల బనియన్ గుడ్డకి కొంచెం ఆయిల్ రాసి లోపల తిప్పితే మొదట్లో గుడ్డ నల్లబడింది. గుడ్డ తెల్లగా బయటికి వచ్చేదాకా తోమడం, తుడవడం ఆపకూడదు. ఆ వెంటనే ఆరబెట్టి ఆయిల్ పూయాలి. పోత ఇనుము ఒట్టిగా ఉంటే మా గోదావరి గాలికి చూస్తుండగానే తుప్పు రంగు తిరుగుతుంది.

రింగులు, ఫిల్టరు, బిగింపు

పై రింగును ఒక్కదాన్నే బోరులో పెట్టి, పిస్టన్ తలతో లోపలికి నెట్టి సమంగా కూర్చోబెట్టాం. తర్వాత దాని రెండు కొసల మధ్య సందులో ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) పెట్టి చూశాం. బోరు వ్యాసంలో ప్రతి వెయ్యి వంతులకి మూడు నాలుగు వంతుల సందు ఉండాలన్నది పాత లెక్క. 50 మి.మీ. బోరుకి అది 0.15 నుంచి 0.20 మి.మీ. దాకా వస్తుంది. మాది ఆ మధ్యలోనే ఉంది. సందు మరీ తక్కువైతే రింగు వేడికి సాగి కొసలు ఢీకొని విరుగుతుంది, బోరును చీరేస్తుంది. రింగు మీద అక్షరం ఉన్న వైపు పైకి రావాలి. మూడు రింగుల కొసలు ఒకే గీతలో పడకుండా తలా ఒక దిక్కుకి తిప్పాలి. పిస్టన్ తల మీద "ఇన్" అని ఉన్న గుర్తు ఇన్‌టేక్ వాల్వ్ వైపు ఉండాలి.

స్ప్లెండర్ ఇంజిన్‌లో ఆయిల్‌కి కాగితం ఫిల్టరు లేదు. కుడివైపు కవరు లోపల, క్రాంకు చివర తిరిగే గిన్నె ఒకటి ఉంటుంది. అది తిరిగే వేగానికి బరువైన మడ్డి, లోహపు పొడి విసురుగా వెళ్లి గోడలకి అతుక్కుంటాయి, మంచి ఆయిల్ ముందుకి పోతుంది. దానితో పాటు ఒక జల్లెడ కూడా ఉంటుంది. మా బండి గిన్నె మూత తీస్తే లోపల నల్లటి మడ్డి గట్టిపడి, స్క్రూడ్రైవర్‌తో గీకితే పెచ్చులుగా ఊడింది. ఇన్నేళ్లలో ఎవరూ దాన్ని తెరిచినట్టు లేదు. పిస్టన్ పని చేయించే ప్రతివాళ్లూ ఇది తీయించి శుభ్రం చేయించాలి. రన్నింగ్ పీరియడ్‌లో వచ్చే కొత్త పొడిని పట్టుకోవాల్సింది ఆ గిన్నే కదా, అది ముందే నిండి ఉంటే ఎక్కడ పట్టుకుంటుంది?

వాల్వులు అరగదీసి కూర్చోబెట్టడం, సీళ్లు, టైమింగ్ చైను, గ్యాస్కెట్లు అన్నీ మామూలుగానే అయ్యాయి. ఎయిర్ ఫిల్టరు కొత్తది వేశాం. ఇసుక లారీలు తిరిగే రోడ్ల మీద నడిచే బండికి పాత ఫిల్టరు ఉంచి కొత్త రింగులు వేయడంలో అర్థం లేదు.

ఆయిల్ విషయంలో బాబాయ్‌దీ నాదీ ఒకటే మాట. 10డబ్ల్యూ30 గ్రేడు (ఆయిల్ చిక్కదనం గుర్తు), డబ్బా మీద జాసో ఎంఏ (బైకు క్లచ్‌కి సరిపడే ఆయిల్ అన్న గుర్తు) అని ఉన్న మామూలు మినరల్ ఆయిల్ పోశాం. ఈ బండిలో క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. కారు ఆయిల్స్‌లో రాపిడి తగ్గించే మందులుంటాయి కాబట్టి వాటితో క్లచ్ జారే ప్రమాదం ఉంది. ఖరీదైన ఫుల్ సింథటిక్‌ను రింగులు కుదురుకున్నాక ఆలోచించవచ్చు. ఎలాగూ ఈ మొదటి ఆయిల్‌ని త్వరగా పారబోయబోతున్నాం.

మొదటి స్టార్ట్

ప్లగ్గు తీసేసి, ఆగి ఆగి కిక్ కొడుతూ ఆయిల్‌ని పైదాకా ఎక్కించాం. ఇంజిన్ పైనున్న టాపెట్ మూత తీసి చూస్తే వాల్వులను నొక్కే రాకర్ దగ్గర తడి కనిపించింది. అప్పుడు ప్లగ్గు బిగించాం. కిక్ రాడ్డు చేత్తో నొక్కి చూస్తే పాత ఇంజిన్‌కన్నా నయం గానీ, ఇంకా మెల్లగా జారుతూనే ఉంది. రింగులు కుదురుకోలేదు కాబట్టి అది సహజమే.

ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెట్టి స్టార్ట్ చేశాం. ఇది గాలితో చల్లారే ఇంజిన్, బండి నిలబడి ఉంటే గాలి ఉండదు. బోరుకి పూసిన ఆయిల్ కాలి మొదట్లో పొగ వచ్చింది, దానికి టెన్షన్ పడనక్కర్లేదు. స్లో స్పీడ్‌లో వదిలేయకుండా, యాక్సిలరేటర్ కొద్దిగా పెంచుతూ తగ్గిస్తూ, ఫిన్నులు (ఇంజిన్ చుట్టూ ఉండే రెక్కలు) చేతికి బాగా వేడి తగిలేదాకా నడిపి ఆపేశాం. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోలేదు. చల్లారాక టాపెట్ గ్యాపు (రాకర్‌కీ వాల్వుకీ మధ్య సందు) మళ్లీ చూసి సరిచేశాం, గ్యాస్కెట్ల దగ్గర చెమ్మ ఉందేమో చూశాం.

కొత్త ఇంజిన్‌ని స్టాండు మీద గంటల తరబడి స్లో స్పీడ్‌లో ఆడించే అలవాటు చాలాచోట్ల ఉంది. దానివల్ల మంచికన్నా చెడే ఎక్కువ. లోడు లేకపోతే రింగుల వెనక ఒత్తిడి ఉండదు, కానీ రాపిడి, వేడి మాత్రం ఉంటాయి. రింగు గోడను ఆనకుండా ఆయిల్ పొర మీద తేలుతూ ఉంటుంది. ఆ పొర కొంచెం కొంచెం కాలి గీతల లోయల్లో గట్టి నిగారింపుగా పేరుకుంటుంది. ఒకసారి అలా పేరుకుంటే ఎన్ని వేల కిలోమీటర్లు నడిపినా రింగు కుదురుకోదు, ఆయిల్ తాగుతూనే ఉంటుంది. బోరు దించి మళ్లీ హోనింగ్ చేయించడమే దిక్కు.

కోరుకొండ రోడ్డు మీద

ఇది రోహిణి కార్తెకి ముందు మాట. పగలు రోళ్లు పగిలే ఎండ, అందుకని తెల్లవారుజామునే బయల్దేరాను. రోడ్డు ఎంచుకోవడానికి కాస్త ఆలోచించాల్సి వచ్చింది. ధవళేశ్వరం బ్యారేజీ దాటి కోనసీమలోకి దిగితే రోడ్డంతా చదును, కాలవ గట్టు వెంట ఒకే స్పీడులో పోవడం తప్ప పనుండదు. జాతీయ రహదారి మీద ఒకే వేగం, పైగా వెనక లారీల తొందర. కోరుకొండ మీదుగా గోకవరం వెళ్లే దారిలో చిన్న చిన్న ఎత్తులు, పల్లాలు, ఊళ్లు, మలుపులు వస్తాయి. వేగం పెరుగుతూ తగ్గుతూ ఉండడానికి ఆ రోడ్డే బాగుంటుంది.

ముందు ఇంజిన్ పూర్తిగా వేడెక్కేదాకా నెమ్మదిగా వెళ్లాను. ఆ తర్వాత అసలు పని. రెండో గేరులో పాతిక స్పీడు నుంచి యాక్సిలరేటర్ సగం దాకా తిప్పి నలభై అయిదుకి తీసుకెళ్లడం, అక్కడ పూర్తిగా వదిలేసి, క్లచ్ పట్టకుండా అదే గేరులో బండిని దానంతటదే పాతికకి దిగనివ్వడం. కాసేపు మామూలుగా వెళ్లి మళ్లీ అదే. తర్వాత మూడో గేరులో, కాస్త ఎక్కువ వేగాల మధ్య. ఎత్తు వచ్చినప్పుడు ఒక గేరు తగ్గించి హాయిగా లాగనివ్వడం.

ఇది ఎందుకు పనిచేస్తుందో చెప్పాలి. రింగుకి స్వతహాగా ఉండే స్ప్రింగు బలం చాలా తక్కువ. అసలు బలం మంట నుంచి వస్తుంది. యాక్సిలరేటర్ తిప్పినప్పుడు పుట్టే గ్యాసు, పై రింగుకీ దాని గాడికీ మధ్య ఉన్న సందులోంచి రింగు వెనక్కి దూరి, దాన్ని బోరు గోడ మీదకి తోస్తుంది. ఎంత గట్టిగా లాగితే అంత గట్టిగా రింగు గోడను ఒత్తుతుంది. అలా కొన్ని సెకన్లు ఒత్తి, అరగాల్సిన కొనల్ని అరగదీస్తుంది. యాక్సిలరేటర్ వదిలేస్తే లోపల గాలి పలచబడి, కిందనుంచి కాస్త ఆయిల్ గోడమీదకి లాగబడుతుంది. అది గోడను చల్లబరిచి, అప్పుడే ఊడిన పొడిని కడిగి కిందికి తీసుకెళ్తుంది. ఒత్తడం, కడగడం ఒకదాని వెంట ఒకటి జరగాలి. సగం యాక్సిలరేటర్ మీద అరగంట ఏకబిగిన లాగితే ఒత్తడమే ఉండి కడగడం ఉండదు. ఇరవై స్పీడులో టాప్ గేరులో ఈడ్చుకుంటూ పోతే పిస్టన్ మీద దెబ్బలు పడతాయి, ఆయిల్ పంపు కూడా నెమ్మదిగా తిరుగుతుంది. రన్నింగ్ పీరియడ్‌లో అన్నిటికన్నా హాని ఈ ఈడ్వడమేనని నా గట్టి నమ్మకం. స్పీడోమీటర్ ముల్లు తక్కువ చూపిస్తుంది కాబట్టి జాగ్రత్తగా నడుపుతున్నామన్న భ్రమ కలుగుతుంది.

ఎడమ చేతి రెండు వేళ్లు క్లచ్ మీద ఉంచే నడిపాను. పిస్టన్ బిగుసుకోవడం మొదలైతే ముందు బండి ఎవరో వెనక్కి పట్టి లాగినట్టు బరువెక్కుతుంది. ఆ క్షణంలో క్లచ్ పట్టేస్తే ఇంజిన్ దక్కుతుంది, మనిషీ దక్కుతాడు. అంత అవసరం రాలేదు. కోరుకొండ గుట్ట కనిపించే చోట చెట్టు కింద బండి ఆపి, ఇంజిన్ చల్లారేదాకా కూర్చుని తిరిగొచ్చాను. వచ్చేటప్పటికి సైలెన్సర్ పొగ లేదు. కొన మీద వేలు రాస్తే పొడి మసే అంటింది, జిడ్డు లేదు.

మొదటి ఆయిల్ మార్పు

ఇంటికొచ్చి, ఇంజిన్ గోరువెచ్చగా ఉండగానే ఆయిల్ దింపేశాను. యాభై కిలోమీటర్లు కూడా నడవని ఆయిల్‌ని పారబోయడం చూసి నాన్నగారి ప్రాణం ఉసూరుమంది. ఆయన్ని పిలిచి ఆ పళ్లెం ఎండలో పెట్టి చూపించాను. ఆయిల్ రంగు ఇంకా తేనె రంగే, కానీ వంచితే లోపల సన్నటి వెండి మెరుపు సుడులు తిరుగుతోంది. అదంతా ఊడి వచ్చిన లోహం. మడిచిన గుడ్డలోంచి వడగట్టి, మిగిలిన మడ్డి దగ్గర అయస్కాంతం పెడితే కొంత అంటుకుంది, కొంత అంటుకోలేదు. అంటుకున్నది బోరు, రింగులు, గేర్ల ఇనుము. అంటుకోనిది అల్యూమినియం. మెత్తటి పొడిగా ఉంటే భయం లేదు. గోరుకి తగిలే పెచ్చులో, సన్నటి తీగ ముక్కలో వస్తే మాత్రం ఆగి విప్పి చూడాలి.

కొత్త ఆయిల్ పోసేటప్పుడు గుర్తుంచుకోవాల్సింది: బండి మెయిన్ స్టాండు మీద నిలువుగా ఉండాలి, డిప్‌స్టిక్‌ని మరలు తిప్పి బిగించకుండా ఊరికే ఆనించి లెవెల్ చూడాలి. బిగించి చూస్తే కొలత తప్పు చూపిస్తుంది. పై గీత దాటి పోయకూడదు.

నాన్నగారి మాట, నా మాట

నాన్నగారు కుర్రతనంలో రాజ్‌దూత్ నడిపారు. "రెండు వేల కిలోమీటర్ల దాకా మేం నలభై దాటేవాళ్లం కాదురా. ఆ బండి పదిహేనేళ్లు ఇంజిన్ విప్పించుకోలేదు" అన్నారు. ఆయన మాటను కొట్టిపారేయలేను. అది టూ స్ట్రోక్, పెట్రోలులో ఆయిల్ కలిపి పోసే బండి. యాక్సిలరేటర్ పూర్తిగా మూసి చాలాసేపు పల్లంలో దిగితే ఆయిల్ కూడా అందదు. ఆ రోజుల్లో బోరు మెషీనింగ్‌లోనూ ఇప్పటంత కచ్చితత్వం లేదు, బిగువు ఎక్కువగా ఉండేది. ఆ ఇంజిన్‌కి ఆ నెమ్మదితనం తగినదే. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఆయిల్ పంపు నిరంతరం ఆయిల్ అందిస్తుంది కాబట్టి వదిలేసే యాక్సిలరేటర్ ఇక్కడ మేలు చేస్తుంది. "అయితే వేడి విషయంలో మీరన్నదే నిజం నాన్నగారూ, నేను కూడా ఏకబిగిన నడపను" అని చెప్పాను. తర్వాత ఆయనే వెనక కూర్చుని కాలవ గట్టు దాకా వచ్చారు. పికప్ చూసి ఏమీ అనలేదు గానీ, మర్నాడు తాళం చెవి ఆయనే తీసుకున్నారు.

షోరూం నుంచి కొత్తగా వచ్చే బండికి

నా స్నేహితుడు ఈ మధ్యే రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 కొన్నాడు. నా నోట్సు చూసి తానూ ఇలాగే చేస్తానన్నాడు. తనకి నేను చెప్పింది వేరు. 2021లో వచ్చిన ఆ ఇంజిన్ 72 మి.మీ. బోరు, 85.8 మి.మీ. స్ట్రోకు. పొడవు స్ట్రోకు ఇంజిన్ కాబట్టి తక్కువ ఆర్‌పీఎంలోనే బలంగా లాగుతుంది, 4000 దగ్గరే 27 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. ఇప్పటి ఫ్యాక్టరీలు హోనింగ్‌లోనే గీతల కొనల్ని సమంగా కోసేసి పంపుతాయి. అంటే రింగు చేయాల్సిన పనిలో సగం యంత్రమే చేసి పెడుతుంది. పైగా వారంటీ ఉంది. కాబట్టి బండితో వచ్చిన పుస్తకంలో ఏ వేగం రాసి ఉంటే అదే పాటించాలి, మొదటి సర్వీసు గడువు ఒక్కరోజు కూడా దాటించకూడదు. ఒకే స్పీడులో గంటల తరబడి పోకూడదు, టాప్ గేరులో ఈడ్చకూడదు, చల్లటి ఇంజిన్‌ని రేస్ చేయకూడదు అన్నవి మాత్రం రెండు బళ్లకీ ఒకటే. కొత్త బండి వచ్చిన వారంలోనే హైదరాబాద్ దాకా హైవే మీద ఏకబిగిన వెళ్లాలన్న అతని ప్లాను వాయిదా వేయించాను. సర్వీసు అయ్యాక వెళ్లాడు.

వంద నుంచి అయిదు వందల దాకా

ఈ భాగంలో రాయడానికి పెద్దగా లేదు, అదే మంచి సంగతి. నాన్నగారు కడియం నర్సరీల వైపు, నేను ఆఫీసుకి, మామూలు వాడకమే. ఇద్దరం పెట్టుకున్న నియమం: స్టార్ట్ చేసిన మొదటి రెండు మూడు కిలోమీటర్లు మెత్తగా నడపడం, వెనక బరువు ఉంటే గేరు తగ్గించుకోవడం, మధ్యాహ్నం ఎండలో దూరం వెళ్లకపోవడం. వేగం మెల్లగా యాభై అయిదు, అరవై దాకా పెంచుకుంటూ పోయాం, పూర్తి యాక్సిలరేటర్ మాత్రం ఎక్కడా ఇవ్వలేదు.

ఒకరోజు టాపెట్ల దగ్గర టిక్ టిక్ శబ్దం పెరిగినట్టు అనిపించి షెడ్డుకి తీసుకెళ్లాను. బాబాయ్ పొడవాటి స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజిన్‌కి, ఇంకో కొస చెవికి ఆనించి విని, "గ్యాపు మారినట్టుంది, చల్లారనివ్వు" అన్నాడు. చల్లారాక గ్యాపు చూసి సరిచేశాడు. కొత్తగా అరగదీసిన వాల్వులకి గ్యాపు మారడం మామూలే. సాధారణంగా వాల్వు సీటులో లోపలికి కూర్చునేకొద్దీ గ్యాపు తగ్గుతుంది, ఆ సంగతి శబ్దంతో తెలియదు. అందుకే శబ్దం లేకపోయినా గ్యాపు చూపించాల్సిందే. మరీ బిగువైతే వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది.

మూడు వందల దగ్గర ఆయిల్ రెండోసారి మార్చాం. ఈసారి నల్లదనం ఎక్కువ, మెరుపు తక్కువ. అయస్కాంతానికి అంటింది నామమాత్రం. అరుగుడు చాలావరకు మొదటి యాభై కిలోమీటర్లలోనే అయిపోతుందన్న మాటకి ఈ రెండు పళ్లేలకన్నా మంచి రుజువు నాకు అక్కర్లేదు.

రంపచోడవరం దాటి

అయిదు వందలు దాటాక మారేడుమిల్లి వైపు ఒకసారి తీసుకెళ్లాను. అడవిలో ఎత్తులు, మలుపులు, దిగుళ్లు అన్నీ ఉన్న రోడ్డు కాబట్టి ఇంజిన్ ఎలా ఉందో అక్కడ స్పష్టంగా తెలుస్తుంది. ఎక్కేటప్పుడు రెండో గేరులో ముప్పావు యాక్సిలరేటర్ దాకా ఇచ్చాను. లాగుడులో ఎక్కడా వెనకాడలేదు. దిగేటప్పుడు ఇంజిన్ బ్రేకింగ్ మీదే చాలాదూరం వచ్చి, పల్లం చివర మళ్లీ యాక్సిలరేటర్ ఇస్తూ అద్దంలో చూశాను. రింగులు గానీ సీళ్లు గానీ వదులుగా ఉంటే, పొడవాటి పల్లం దిగేటప్పుడు పైకి లాగబడిన ఆయిల్ సరిగ్గా ఆ క్షణంలో నీలం పొగగా బయటపడుతుంది. అద్దంలో రోడ్డు తప్ప ఏమీ కనబడలేదు. పాత బండి కొనేటప్పుడు కూడా ఈ పరీక్ష చేసి చూడండి, అమ్మేవాళ్లు చెప్పని సంగతి చెబుతుంది.

వెయ్యి దగ్గర

ప్లగ్గు విప్పి చూశాం. పింగాణీ కొన లేత గోధుమ రంగులో పొడిగా ఉంది. తడి నలుపు ఉంటే ఆయిల్ కాలుతున్నట్టు, పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువైనట్టు, తెల్లగా పాలిపోతే పెట్రోలు తక్కువై ఇంజిన్ వేడెక్కుతున్నట్టు. రన్నింగ్ పీరియడ్ అంతా కార్బురేటర్‌ని ఒక పిసరు పెట్రోలు ఎక్కువ వైపే ఉంచాం, ఇప్పుడు బాబాయ్ స్క్రూ తిప్పి మామూలుకి తెచ్చాడు. స్లో స్పీడ్ కూడా కొంచెం తగ్గించాల్సి వచ్చింది. బిగువు పోయి ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంటే అదే స్క్రూ దగ్గర స్లో స్పీడ్ దానంతటదే పెరుగుతుంది.

రెండో మార్పు తర్వాత నడిచిన ఏడు వందల కిలోమీటర్లలో డిప్‌స్టిక్ మీద ఆయిల్ గీత కంటికి తెలిసేంత దిగలేదు. కిక్ రాడ్డును చేత్తో నొక్కితే కంప్రెషన్ దగ్గర గట్టిగా ఆగుతోంది. అరచెయ్యి బరువంతా మోపినా చాలాసేపు అక్కడే నిలబడుతోంది.

ఆయిల్ మూడోసారి మార్చాం, మళ్లీ అదే మినరల్. ఇకనుంచి మామూలు సర్వీసు గడువే. మైలేజీ లెక్క ఇప్పుడే రాయడం లేదు. కార్బురేటర్ సెట్టింగ్ మార్చిన తర్వాత రెండు మూడు ట్యాంకులు నింపి చూస్తే గానీ ఆ అంకెకి విలువ ఉండదు. చైన్ స్ప్రాకెట్ సెట్టు అరిగి పళ్లు కొక్కెంలా వంగాయి, వచ్చే నెల పని అదే.